ఇంధన పంపుకు విద్యుత్తు అందని వేళ: పోర్షే 944 ఆధారంగా లోపనిర్ధారణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతిలో నడిచే స్పోర్ట్స్ కారు ఆగిపోయినప్పుడు చాలాసార్లు నింద ఇంధన పంపు మీద పడుతుంది. పంపును మార్చిన తరువాత కూడా అదే లోపం తిరిగి కనిపించడం మరమ్మతు శాలలలో తరచుగా జరిగేదే. లోపం పంపులో కాక, పంపుకు విద్యుత్తు చేరే దారిలోనో, ఆ దారి తెరవడానికి కావలసిన అనుమతిలోనో ఉండడమే ఇందుకు కారణం. పోర్షే 944 కారులోని జోడు రిలే వ్యవస్థను ఉదాహరణగా తీసుకొని, ఈ రెండింటినీ వేరుచేసి చూసే పద్ధతిని, కొలతలు మోసపుచ్చే సందర్భాలను, 'భాగం మార్చాం, బాగైంది' అనే నిర్ణయంలోని తర్కదోషాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఇంధన పంపు, జోడు రిలే, పొటెన్షియల్ నష్టం, టంకం పగులు, అన్వయవ్యతిరేకాలు, అన్యథాసిద్ధి.

1. ఉపోద్ఘాతం

ఎండలో గంటసేపు నిలిపిన కారు. తాళం తిప్పితే సెల్ఫు హుషారుగా తిరుగుతుంది గాని ఇంజను అందుకోదు. బ్యాటరీ బాగానే ఉంది, ట్యాంకులో పెట్రోలు ఉంది. పావుగంటో అరగంటో తలుపులు తెరిచిపెట్టి, మళ్ళీ ప్రయత్నిస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. మరమ్మతు శాలకు చేరేసరికి లోపం మాయమై ఉంటుంది. 1980లలో తయారైన పోర్షే కార్ల యజమానులకు ఈ అనుభవం ఎంత పరిచితమంటే, వారిలో చాలామంది కారులో ఒక అదనపు రిలేను దాచుకొని తిరుగుతారు.

పోర్షే 944 కారు 1982 నుండి 1991 వరకు తయారైంది. ఇంజను ముందు, గేరుపెట్టె వెనుక ఉండే ఈ నిర్మాణం వల్ల బరువు రెండు ఇరుసుల మధ్య దాదాపు సమంగా పంపకమవుతుంది. తొలి నమూనాలో సుమారు 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను ఉండేది. ఇంధనాన్నీ నిప్పురవ్వనూ ఒకే కంప్యూటరు నియంత్రించే బాష్ సంస్థ మోట్రానిక్ వ్యవస్థను ఇందులో వాడారు. ఈ వ్యవస్థ తొలిసారిగా 1979లో బి.ఎమ్.డబ్ల్యు. 732ఐ కారులో వచ్చింది. పోర్షే దీనిని డిజిటల్ మోటార్ ఎలక్ట్రానిక్స్ అనీ, సంక్షిప్తంగా డి.ఎమ్.ఇ. అనీ పిలిచింది. పైన చెప్పిన రిలేకు డి.ఎమ్.ఇ. రిలే అని పేరు రావడానికి ఇదే కారణం. 944లోనే కాక, అదే కాలపు 3.2 లీటర్ల 911 కరేరాలోనూ ఇటువంటి రిలేనే ఉంది. అక్కడ దాని చోటు డ్రైవరు సీటు కింద.

ఇంధన పంపు కారు వెనుక భాగంలో, ట్యాంకు దగ్గర ఉంటుంది. దానిని నడపమని చెప్పే కంప్యూటరు, రిలే ముందు వైపున ఉంటాయి. ఆజ్ఞ ఒక చోట, పని మరొక చోట. నడుమ కొన్ని మీటర్ల తీగ, అనేక అతుకులు. లోపనిర్ధారణ కష్టమంతా ఈ దూరంలోనే ఉంది.

2. పంపుకు అనుమతి ఎందుకు?

విద్యుత్ పంపును నేరుగా ఇగ్నిషన్ తాళానికి కలిపితే నిర్మాణం ఎంతో సులువయ్యేది. అలా చేయకపోవడానికి బలమైన కారణం ఉంది. ప్రమాదంలో కారు గుద్దుకొని ఇంజను ఆగిపోయినా, తాళం ఆన్‌లోనే ఉంటుంది. అప్పుడు పంపు ఆగకుండా తిరిగితే, తెగిన గొట్టం నుండి పెట్రోలు వేడి లోహాల మీద కురుస్తూనే ఉంటుంది. అందువల్ల ఇంజను నిజంగా తిరుగుతున్నదన్న నిదర్శనం ఉన్నంత వరకే పంపు నడవాలన్న నియమాన్ని రూపకర్తలు విద్యుత్ మార్గంలోనే ఇమిడ్చారు.

ఆ నిదర్శనాన్ని ఎక్కడ నుండి తీసుకోవాలన్న విషయంలో సంస్థలు వేరువేరు దారులు తొక్కాయి. 1989లో వచ్చిన మాజ్దా ఎమ్.ఎక్స్.-5 కారు 1.6 లీటర్ల నమూనాలో, ఇంజను పీల్చే గాలి తోసే ఒక రెక్క గాలికొలత పరికరంలో ఉంటుంది. ఆ రెక్క కదిలినప్పుడు లోపలి చిన్న స్విచ్చు మూసుకొని పంపు రిలేకు దారి ఇస్తుంది. జాగ్వార్, ఫోర్డ్, లోటస్ కార్లలో కొన్నింటికి గుద్దుడు తాకిడికి తెరుచుకునే జడత్వ స్విచ్చును అదనంగా పెట్టారు. అది ఒక గట్టి గుంతకు తెరుచుకొన్నా కారు ఆగిపోతుంది. దానిమీది మీటను నొక్కితే సరిపోయేదానికి పంపును విప్పిన సందర్భాలు లేకపోలేదు.

944లో నిదర్శనం ఫ్లైవీలు దగ్గర పుడుతుంది. అక్కడ రెండు సెన్సర్లు ఉంటాయి. ఒకటి పళ్ళచక్రం పళ్ళను లెక్కించి వేగాన్ని చెబుతుంది; రెండవది ఒక్కొక్క చుట్టుకు ఒకసారి వచ్చే గుర్తును పట్టి ఇంజను స్థానాన్ని చెబుతుంది. ఈ స్పందనలు అందితేనే కంప్యూటరు పంపు రిలేకు అనుమతి ఇస్తుంది. తాళం తిప్పగానే ఒకటి రెండు సెకన్లు పంపు మోగే కార్లకు అలవాటుపడినవారు 944లో ఆ శబ్దం వినబడలేదని కంగారుపడతారు. ఇందులో సెల్ఫు తిరిగే వరకు పంపు మౌనంగా ఉండడమే సహజం.

3. ఒకే డబ్బాలో రెండు రిలేలు

డి.ఎమ్.ఇ. రిలే పైకి ఒకే చిన్న డబ్బా. లోపల మాత్రం రెండు రిలేలు ఉన్నాయి. జర్మన్ కార్లలో తీగచివరలకు అంకెలు ఇచ్చే డి.ఐ.ఎన్. 72552 ప్రమాణం ప్రకారం 30 అంటే బ్యాటరీ ధనధ్రువం నుండి ఎప్పుడూ ఉండే సరఫరా, 85, 86 అంటే రిలే తీగచుట్ట కొనలు, 87 అంటే రిలే నుండి బయటికి వెళ్ళే దారి. ఈ జోడు రిలేలో రెండవ సగానికి 85బి, 87బి అనే పిన్నులు అదనంగా ఉంటాయి.

తాళం తిప్పగానే మొదటి సగం మూసుకొని, 30 నుండి 87 ద్వారా కంప్యూటరుకు ప్రాణం పోస్తుంది. ప్రాణం పోసుకొన్న కంప్యూటరు ఇంజను తిరుగుతున్నట్టు గుర్తించాక 85బి పిన్నును ఎర్తుకు కలుపుతుంది. అప్పుడు రెండవ సగం మూసుకొని 30 నుండి 87బి ద్వారా పంపుకు విద్యుత్తు వెళుతుంది. అంటే ఇది గొలుసు: మొదటి సగం లేనిదే కంప్యూటరు లేదు, కంప్యూటరు లేనిదే రెండవ సగం లేదు, రెండవ సగం లేనిదే పంపు లేదు. పంపు మౌనంగా ఉందన్న ఒక్క కార్యానికి ఇన్ని కారణాలు సాధ్యమైనప్పుడు, మొదట పంపునే విప్పడం గొలుసును చివరి నుండి అనుమానించడమే.

4. పనిముట్టు ముట్టకముందు కన్ను, చెవి

ఎటువంటి కొలత లేకుండా తెలిసే విషయాలు ఉన్నాయి. సెల్ఫు తిరుగుతున్నప్పుడు ఇంజను వేగం చూపే టాకోమీటరు ముల్లును గమనించాలి. ముల్లు కొంచెమైనా వణికితే కంప్యూటరుకు సరఫరా ఉందనీ, ఫ్లైవీలు స్పందనలు చేరుతున్నాయనీ ఊహించవచ్చు. ముల్లు రాయిలా ఉండిపోతే దృష్టి రిలే మొదటి సగం మీదకూ, సెన్సర్ల మీదకూ వెళ్ళాలి. ఇంజను వేడికి ఏళ్ళ తరబడి మగ్గి, సెన్సర్ల తీగల తొడుగు పెళుసుబారుతుంది. రెండు సెన్సర్ల ప్లగ్గులు ఒకే ఆకారంలో ఉండడం మరొక చిక్కు. ఇతర పనుల కోసం వాటిని ఊడదీసినవారు తారుమారుగా బిగిస్తే, అన్ని భాగాలూ బాగున్నా కారు కదలదు.

ముల్లు వణుకుతూ, పంపు మాత్రం మోగకపోతే సగం చిక్కు వీడినట్టే. రిలే రెండవ సగం, దానికి వచ్చే ఆజ్ఞ, ఫ్యూజు, తీగ, పంపు – ఇవే మిగులుతాయి.

పంపు మోగుతున్నా ఇంజను అందుకోకపోవడం వేరే కథ. వేడికి గొట్టాలలో పెట్రోలు ఆవిరై పంపు పట్టు తప్పే స్థితిని 'వేపర్ లాక్' అంటారు. ఇదీ ఎండలోనే కనిపిస్తుంది, చల్లబడితే పోతుంది. లక్షణాలు ఒకటే కాబట్టి ఈ రెండింటినీ కలగాపులగం చేసినవారే ఎక్కువ. తేడా చెవికి తెలుస్తుంది: ఆవిరి పట్టిన పంపు గొంతు మార్చి మోగుతుంది, విద్యుత్తు అందని పంపు మోగనే మోగదు. లోపం ఉన్న ఆ పది నిమిషాలలో వెనుక చక్రం దగ్గర చెవిపెట్టి వినడానికి ఒకరు, తాళం తిప్పడానికి మరొకరు ఉంటే చాలు. ఈ సులువైన పనిని వదిలేసి, లోపం మాయమైన తరువాత ఖరీదైన పరికరాలతో పరీక్షించడం వల్ల ప్రయోజనం లేదు.

5. వంతెన తీగ: పరీక్షగా, ప్రమాదంగా

గొలుసును ఒక్క చర్యతో రెండు ముక్కలు చేసే పరీక్ష ఉంది. రిలేను పీకి, దాని గూటిలో 30, 87బి రంధ్రాల మధ్య ఫ్యూజు ఉన్న చిన్న తీగతో వంతెన వేయాలి. పంపు మోగితే తీగ, ఫ్యూజు, పంపు స్థూలంగా నిర్దోషులు; లోపం రిలేలోనో ఆజ్ఞలోనో ఉంది. మోగకపోతే రిలేను, కంప్యూటరును వదిలి వెనుకవైపుకు నడవాలి. అమ్మకం తరువాత బిగించిన దొంగతనం అలారాలు పంపు తీగను మధ్యలో తెంచి తమ గుండా తిప్పుతాయి కాబట్టి, పాత కార్లలో ఆ అతుకులను మొదటే వెదకాలి. తయారీదారు ఇచ్చిన విద్యుత్ పటంలో అవి కనిపించవు.

రిలేలోనా, ఆజ్ఞలోనా అన్నది తేల్చడంలో ఒక సూక్ష్మం ఉంది. సెల్ఫు తిప్పుతూ 85బి దగ్గర ఎర్తు వస్తున్నదా అని చూడాలి. రిలేను పీకివేసి ఈ పరీక్ష చేసినవారికి ఎప్పుడూ 'ఎర్తు లేదు' అన్న సమాధానమే వస్తుంది. ఎందుకంటే రిలే లేకపోతే మొదటి సగమూ లేదు, కంప్యూటరుకు సరఫరాయే లేదు. ప్రాణం లేని కంప్యూటరు ఆజ్ఞ ఇవ్వలేదని దానిని దోషిగా తేల్చడం అన్యాయం. రిలేను గూటిలో ఉంచే వెనుక నుండి కొలవాలి. లేదా ముందు 30, 87 మధ్య మరొక వంతెన వేయాలి. కంప్యూటరు లోపలి ట్రాన్సిస్టరు చిన్న కరెంటుకే నిర్మితమైంది కాబట్టి ఇక్కడ ఎల్.ఇ.డి. దీపాన్నే వాడాలి. బ్రేకు లైటు బల్బు వంటి పెద్ద దీపాన్ని తగిలిస్తే, పరీక్షే కొత్త లోపాన్ని పుట్టించవచ్చు.

వంతెన తీగతో కారు నడిచిందని, దానిని అలాగే వదిలి ఇంటికి వెళ్ళేవారూ ఉన్నారు. రెండవ విభాగంలో చెప్పిన రక్షణ నియమం ఆ క్షణంతో రద్దవుతుంది. 30 ఎప్పుడూ సజీవమైన పిన్ను కావడం వల్ల తాళం తీసినా పంపు ఆగదు. గుద్దుకొన్న కారులో పెట్రోలు పారుతూనే ఉంటుంది. నిమిషాలపాటు సాగే పరీక్షకు వంతెన పనికివస్తుంది, ప్రయాణానికి కాదు. పరీక్షలో కూడా తీగను కలపడం, విడదీయడం రిలే గూటి దగ్గరే జరగాలి. ట్యాంకు పక్కన, పెట్రోలు తడి ఉన్న చోట రవ్వ పుట్టే పని ఏదీ చేయకూడదు.

6. వోల్ట్‌మీటరు అనే అర్ధసాక్షి

పంపు ప్లగ్గును ఊడదీసి, తీగ కొనల మధ్య మల్టీమీటరు పెడితే 12 వోల్టులు కనిపించాయి. 'కరెంటు వస్తోంది, పంపు పోయింది' అని తీర్పు చెప్పడం ఇక్కడ అత్యంత సాధారణమైన పొరపాటు. పంపును మార్చినా ఫలితం లేని కథలలో అనేకం ఈ వాక్యంతోనే మొదలవుతాయి.

దీనిలోని దోషాన్ని ఓమ్ నియమంతో పాఠశాల విద్యార్థి కూడా లెక్కించగలడు. డిజిటల్ మల్టీమీటరు అంతర్నిరోధం సాధారణంగా 1 కోటి ఓములు. 12 వోల్టుల దగ్గర అది తీసుకొనే కరెంటు ఆంపియరులో పదిలక్షల వంతులు సుమారు 1.2 మాత్రమే. దారిలో తుప్పు పట్టిన అతుకు నిరోధం 1000 ఓములు ఉన్నా, అంత చిన్న కరెంటుకు అక్కడ పోయేది వోల్టులో వెయ్యోవంతులు ఒకటి కొంచెం మించి. మీటరు తెర మీద ఆ తేడా కనిపించనే కనిపించదు. అదే దారిలో ఆంపియర్లు కోరే పంపును కలిపితే, ఒక్క చుట్టు కూడా తిరగదు. మీటరు అబద్ధం చెప్పలేదు. పంపు అడిగే ప్రశ్నను మీటరు అడగలేదు, అంతే.

మధ్యస్థమైన లోపం మరింత మాయలమారి. నడుస్తున్న పంపు 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు తీసుకొంటుందని అనుకొందాం. అంటే దానిని 2 ఓముల నిరోధంగా భావించవచ్చు. మోటారు కాబట్టి ఇది స్థూలమైన పోలిక మాత్రమే. దారిలో ఒక అతుకు 0.5 ఓమ్ నిరోధం తెచ్చుకొంటే మొత్తం 2.5 ఓములు, కరెంటు 4.8 ఆంపియర్లు. అతుకు దగ్గర 2.4 వోల్టులు పోయి, పంపుకు 9.6 వోల్టులే మిగులుతాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇది తెలియదు. ఎక్కువ ఇంధనం అడిగే వేగంలో, ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు పీడనం పడిపోయి కారు దగ్గుతుంది. స్పోర్ట్స్ కారులో ఈ లోపం ముందుగా బయటపడేది కూడా ఇందువల్లే: సాధారణ కారు అడగని ఇంధనాన్ని అది అడుగుతుంది. అతుకు దగ్గర వ్యర్థమయ్యే సామర్థ్యం సుమారు 11.5 వాట్లు. 25 వాట్ల టంకపు కడ్డీలో దాదాపు సగం వేడి గోరంత లోహం మీద గంటల తరబడి పడుతుందన్నమాట. ఆ వేడికి అతుకు మరింత చెడుతుంది, నిరోధం మరింత పెరుగుతుంది. తొడుగు కరిగి గోధుమరంగుకు తిరిగిన ప్లగ్గు కనిపిస్తే మీటరు తీయవలసిన పనే లేదు.

అతుకును విప్పి నిరోధం కొలిస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సాధారణ మల్టీమీటరు ఓములలో పదోవంతు వరకే చూపగలదు; దాని సొంత తీగల నిరోధమే రెండు మూడు పదోవంతులు ఉంటుంది. పైగా, కరెంటు పారేటప్పుడు వేడెక్కి తెరుచుకొనే అతుకు, చల్లగా విప్పి చూసేటప్పుడు ఎంతో మర్యాదగా ప్రవర్తిస్తుంది.

7. నష్టం ఎక్కడ?

కాబట్టి కొలవవలసింది పంపు నడుస్తుండగా దారిలో పోయే పొటెన్షియల్. మీటరు ఒక కొనను బ్యాటరీ ధనధ్రువం మీద, రెండవ కొనను పంపు ధన కొన మీద ఉంచాలి. ఆరోగ్యమైన మార్గంలో మీటరు దాదాపు సున్నా చూపాలి. దాదాపు అంటే ఎంత? 2.5 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.007 ఓమ్. 4 మీటర్లకు 0.028 ఓమ్. 6 ఆంపియర్లకు తీగ మింగేది వోల్టులో ఆరోవంతు. ఫ్యూజు, రిలే, ప్లగ్గుల కోసం మరికొంత కలుపుకొన్నా అర వోల్టు దాటితే అనుమానించాలని అనుభవజ్ఞులు పెట్టుకొన్న హద్దు ఈ లెక్కతో పొసగుతుంది. అంతకు మించినదేదీ రాగి తీగ నేరం కాదు, అతుకుల నేరం.

పంపు ఋణ కొన నుండి బ్యాటరీ ఋణధ్రువానికి కూడా ఇదే కొలత తీయాలి. చాలామంది దీనిని మరిచిపోతారు. ఎర్తు అంటే కారు ఒంటి లోహమే కదా అన్న ధీమా దీనికి కారణం కావచ్చు. కారు అడుగున నీరు, బురద తగిలే చోట బిగించిన ఎర్తు మర కింద తుప్పు పొర ఏర్పడితే, ధన మార్గం ఎంత శుభ్రంగా ఉన్నా పంపుకు పూర్తి వోల్టేజీ దక్కదు.

నష్టం ఉందని తేలాక, దారిని సగాలుగా విడదీస్తూ వెళ్ళాలి. బ్యాటరీ నుండి రిలే 30 వరకు ఎంత, 30 నుండి 87బి వరకు ఎంత, 87బి నుండి పంపు వరకు ఎంత. మొత్తం నష్టం 1.4 వోల్టులై, అందులో 1.1 వోల్టులు 30, 87బి మధ్యనే పోతే ఇక వెదకనవసరం లేదు. రిలే మూసుకొంది, 'టక్' మని శబ్దం కూడా చేసింది. అయినా లోపల కాలిన కాంటాక్టులో, పగిలిన టంకంలో ఆ వోల్టు ఆవిరైపోతోంది. రిలే టక్కుమంటే బాగున్నట్టే అన్న నమ్మకాన్ని ఈ ఒక్క కొలత చెదరగొడుతుంది. శబ్దం తీగచుట్ట పనిచేసిందని చెబుతుంది, కాంటాక్టు గురించి ఏమీ చెప్పదు.

పంపు అసలు తిరగని స్థితిలో, కొలతకు కావలసిన కరెంటు కోసం దాని స్థానంలో 21 వాట్ల బ్రేకు లైటు బల్బును పెట్టవచ్చు. అది సుమారు 1.75 ఆంపియర్లు తీసుకొంటుంది. రెండింటిని సమాంతరంగా కలిపితే 3.5. మీటరుకు 12 వోల్టులు చూపిన తీగ, ఈ బల్బును వెలిగించలేకపోతే తీర్పు స్పష్టం. ఐదవ విభాగంలో మేలు చేసిన ఎల్.ఇ.డి. దీపం ఇక్కడ పనికిరాదు. అది కోరే కరెంటు అత్యల్పం కాబట్టి అదీ మీటరులాగే మోసపోతుంది.

దారి శుద్ధమని తేలిన తరువాతనే పంపును విచారించాలి. దాని కరెంటును కొలిస్తే లోపలి సంగతి చాలావరకు బయటపడుతుంది. వోల్టేజీ సరిగ్గా అందుతూ కరెంటు బాగా తక్కువగా ఉంటే కార్బన్ బ్రష్షులు అరిగి ఉండవచ్చు. ఎక్కువగా ఉంటే పంపు బిగుసుకొని ఉండవచ్చు, లేదా పూడిపోయిన ఫిల్టరుతో పోరాడుతూ ఉండవచ్చు. ఈ రెండవ స్థితిలోనే ఫ్యూజు పదేపదే పోతుంది. అప్పుడు పెద్ద ఫ్యూజు వేయడం జ్వరం తగ్గించడానికి థర్మామీటరును విరిచేయడం వంటిది. క్లాంపు, ఆసిలోస్కోపు ఉన్నచోట కరెంటు తరంగరూపాన్నే చూడవచ్చు: మోటారు కమ్యుటేటరులోని ఒక్కొక్క పలకకు ఒక్కొక్క చిన్న మూపురం కనిపిస్తుంది. 8 పలకల మోటారులో 8 మూపురాలకు 10 మిల్లీసెకన్లు పడితే నిమిషానికి 6000 చుట్లు. మూపురాలలో ఒకటి ప్రతి చుట్టులోనూ కుంటుతుంటే ఆ పలక పాడైంది. పంపును విప్పకుండానే దాని లోపలి ఒక పలకను వేలెత్తి చూపగల పద్ధతి ఇది.

8. ఎండ, టంకం, కుమ్మరి గాడిద

ఎండలో ఆగి, నీడలో నడిచే మొదటి ఉదాహరణకు ఇప్పుడు తిరిగి రావాలి. డి.ఎమ్.ఇ. రిలే లోపల బరువైన పిన్నులు చిన్న సర్క్యూట్ బోర్డుకు టంకంతో అతికి ఉంటాయి. వేడికి సీసం–తగరం టంకం, పిన్ను లోహం, బోర్డు ఒకే మేరకు వ్యాకోచించవు. తాళం తిప్పిన ప్రతిసారీ వేడెక్కుతూ, ఆపిన ప్రతిసారీ చల్లబడుతూ, ఏళ్ళ తరబడి సాగిన ఈ లాగులాటలో టంకం అలసిపోతుంది. పిన్ను చుట్టూ వెంట్రుక మందం వలయాకారపు పగులు వస్తుంది. కొంత ఉష్ణోగ్రత వరకు పగులు అంచులు తాకుతూనే ఉంటాయి. అది దాటితే విడిపోతాయి. రిలే మూత తీసి, భూతద్దంతో వాలుగా వెలుగు పడేలా చూస్తే పిన్ను చుట్టూ సన్నని నల్లని ఉంగరం కనిపిస్తుంది. పాత టంకాన్ని తీసి కొత్తది వేస్తే రిలే మళ్ళీ పనిచేస్తుంది. కాంటాక్టులు కూడా కాలి ఉంటే మార్చక తప్పదు.

రిలేను మార్చగానే కారు నడిచింది కాబట్టి రిలేయే దోషి అనవచ్చా? ఇక్కడే ప్రాచీన తార్కికుల వివేకం అక్కరకు వస్తుంది. కార్యకారణ సంబంధాన్ని తేల్చడానికి అన్వయం ఒక్కటే చాలదు, వ్యతిరేకం కూడా కావాలని వారు పట్టుబట్టారు. కుండ తయారయ్యే ముందు మట్టి మోసిన గాడిద అక్కడే ఉన్నా, అది కుండకు కారణం కాదనీ, అన్యథాసిద్ధమనీ న్యాయశాస్త్రం చెబుతుంది. రిలేను మార్చేటప్పుడు ఒకేసారి మూడు సంగతులు జరిగాయి. కొత్త రిలే వచ్చింది. పీకి పెట్టడంలో గూటిలోని పిన్నుల మీది మాలిన్యం రాపిడికి పోయింది. ఈలోగా కారు చల్లబడింది. వీటిలో కారణమేదో, గాడిద ఏదో 'నడిచింది' అన్న ఒక్క అన్వయంతో తేలదు.

పంపు మార్చినప్పుడైతే గాడిదలు మరీ ఎక్కువ. వెనుక ప్లగ్గులు విప్పి బిగించడం, ఎర్తు మరను వదులు చేసి మళ్ళీ బిగించడం, బ్యాటరీ తీసి పెట్టడం, ఒక పూటంతా కారు నీడలో ఉండడం – ఇవన్నీ కొత్త పంపుతో పాటే జరిగిపోతాయి. వారం తరువాత కారు మళ్ళీ ఆగితే 'కొత్త పంపు కూడా నాసిరకం' అంటారు.

దీనికి తగిన పరీక్ష యజమానులకు నచ్చదు. కారు నడిచిన తరువాత, అనుమానించిన పాత రిలేను తిరిగి పెట్టి చూడాలి. అది పెట్టినప్పుడు లోపం తిరిగి రావాలి, తీసినప్పుడు పోవాలి. ఎండకోసం ఎదురుచూడనవసరం లేదు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో రిలేను మాత్రమే, చేతికి వేడి తగిలేంత వరకు వేడిచేసి, 30, 87బి మధ్య నష్టాన్ని చూస్తూ ఉండవచ్చు. అంకె ఒక్కసారిగా ఎగబాకితే, మిగతా కారంతా చల్లగానే ఉంది కాబట్టి వేరే కారణానికి తావుండదు. బాగైన కారును మళ్ళీ పాడుచేయడం కొందరికి వింతగా తోచవచ్చు. లోపాన్ని కావాలన్నప్పుడు రప్పించలేనివారు దానిని పోగొట్టామని అనడం మాత్రం అంతకంటె వింత.

9. కొత్త తరం కార్లలో

పై పద్ధతి రిలే పూర్తిగా మూసుకొనే, లేదా పూర్తిగా తెరుచుకొనే కార్లకు వర్తిస్తుంది. ఇటీవలి స్పోర్ట్స్ కార్లలో అనేకం పంపు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే నియంత్రణ యూనిట్లను వాడుతున్నాయి. అవి విద్యుత్తును సెకనుకు అనేకసార్లు తెంచుతూ, కలుపుతూ పంపిస్తాయి. పంపు దగ్గర మీటరుకు 7 వోల్టులు కనిపిస్తే అది నష్టం కాకపోవచ్చు, తక్కువ వేగంలో నడపమని యూనిట్ ఇచ్చిన ఆజ్ఞకు సగటు రూపం కావచ్చు. కొన్నింటిలో బ్రష్షులే లేని మూడు తీగల మోటార్లు ఉన్నాయి. వాటికి బల్బు తగిలించడం, వంతెన వేయడం యూనిట్‌ను కాల్చడమే అవుతుంది. అటువంటి కార్లలో కొలతను యూనిట్‌కు ముందు, బ్యాటరీ నుండి యూనిట్ ధన కొన వరకు, యూనిట్ ఎర్తు నుండి బ్యాటరీ వరకు, పంపును పూర్తి వేగంతో నడిపించిన స్థితిలో తీయాలి. యూనిట్ తరువాతి భాగానికి ఆసిలోస్కోపే శరణ్యం. యూనిట్ మార్చే ముందు దాని ఎర్తు మరను విప్పి, కింది లోహాన్ని శుభ్రం చేసి, మళ్ళీ బిగించి కొలిచే అలవాటు 944 నాటిదే అయినా ఇక్కడా వదలనవసరం లేదు.